నాగవంశపు గోపి

జూన్ 9, మదనపల్లె

నా భార్య ఎలిజబెత్ తను పనిచేసే ఆస్పత్రి నుంచి ఈ డైరీ తెచ్చింది. మందుల కంపెనీ వాళ్ళు నర్సులందరికీ పంచారట. జూన్‌లో డైరీ మొదలుపెట్టే మనిషిని నేనొక్కణ్ణే అయ్యుంటాను. "గోడ తట్టు సూసి గొణుక్కునేదానికన్నా ఇందులో రాసుకోప్పా, నా చెవులకన్నా రెస్టు దొరుకుతాది" అంది. నేను గొణుగుతానన్న సంగతి ఈరోజే తెలిసింది.

పందొమ్మిదేళ్ళుగా ఇదే పని. సోమ, మంగళవారాలు మదనపల్లె, బుధవారం పుంగనూరు, గురువారం కుప్పం. మూడు ఊళ్ళకీ ఒకే కోచింగ్ సెంటరు, ఒకే బర్నబాస్ సారు, అంటే నేను. గ్రూప్-2 రాసేవాళ్ళకు చరిత్ర సింధు నాగరికత దగ్గర ఎత్తుకుని, భూగోళం జిల్లాల దగ్గర దించుతాను. ఆ జిల్లాలు కూడా కుదురుగా ఉండి చావవు, ఉన్న నోట్సు కొట్టేసి మళ్ళీ రాయించాలి. నేనూ ఒకప్పుడు ఇవే పరీక్షలు నాలుగుసార్లు రాశాను. ఆ కథ ఇక్కడ వద్దు.

ఈరోజు నదులు. ఉత్తరం నుంచి దక్షిణానికి వరసగా గుర్తుండడానికి నా పాత కోడ్ చెప్పాను. "నాగవంశపు గోపి కృష్ణకు పెన్నిచ్చాడు." నాగావళి, వంశధార, గోదావరి, కృష్ణ, పెన్న. నిజానికి పైన ఉండేది వంశధార, దాని కింద నాగావళి. వంశనాగపు గోపి అంటే నాలుక తిరగదని నేనే ఆ రెండింటినీ తారుమారు చేశాను. "గోపిని గుర్తు పెట్టుకోండి, మొదటి రెండూ మాత్రం తిరగేసుకోండి" అని ప్రతి బ్యాచ్‌కీ చెబుతాను. అందరూ నవ్వారు. నా క్లాసులో జనం నవ్వేది కోడ్‌లకు మాత్రమే.

జూన్ 11, పుంగనూరు

గోపిని ఇక్కడ కూడా దించాను. తిరగేసుకోమని రెండుసార్లు చెప్పాను. వెనక బెంచీలో ఒకాయన, ఇద్దరు పిల్లల తండ్రి, నోరు తెరిచి నిద్రపోతున్నాడు. లేపబుద్ధి కాలేదు. నాకూ ఆ పక్కనే కూర్చుని నిద్రపోవాలనిపించింది.

జూన్ 12, కుప్పం

పొద్దున ఆరు గంటల బస్సు వి.కోట దగ్గర పంచరైంది. టైరు మార్చే డ్రైవరుకు ముప్ఫై మంది సలహాలిచ్చారు. చేరేసరికి పన్నెండు. గంట పాఠం పోయింది.

మొత్తం పధ్నాలుగు మంది. ముందు బెంచీలో ఎప్పట్లాగే నీరజ. నలభై దాటిన మనిషి. ఊరి బయట పల్లెలో ఇల్లు. తెల్లారకముందే ఆరు ఆవుల పాలు పిండి కేంద్రంలో పోసి, ఆటోలో వస్తుంది. చేతికి పేడ వాసన పోలేదేమోనని నోట్సు ఇచ్చేటప్పుడు చెయ్యి ముందుకు చాచదు, బెంచీ మీద పెడుతుంది. మొత్తం బ్యాచ్‌లో నేను చెప్పింది చెప్పినట్టు రాసుకునేది ఆమె ఒక్కతే.

నదుల దగ్గర ముగించాను. బస్టాండు సెంటరు పక్కనే. నాలుగూ నలభై బస్సు డ్రైవరు నాలుగున్నర నుంచే హారన్ మొదలుపెడతాడు. కోడ్ చెప్పగానే పాటలాగా అందుకున్నారు. బాగా పట్టుకున్నారు. పది నిముషాలు ముందే వదిలేసి పరిగెత్తాను. బస్సు దొరికింది. సీటు కూడా దొరికింది.

జూన్ 26, కుప్పం

క్లాసయ్యాక నీరజ నిలబడింది. "సార్, ఒక మాట. నాకు ఈసారి రాకపోతే ఇంక రాసేదానికి లేదు. వయసు దాటిపోతాది" అంది.

"వస్తుందమ్మా, చదువుతున్నావు కదా" అన్నాను.

"మా ఆయన ఏమీ అనడు సార్. మా అత్తే, ఆవులకు తెల్సినంత కూడా నీకు తెల్దా, ఇన్ని సార్లు రాయాల్నా అంటాది. నాకు ఉద్యోగం రాకపోయినా పర్వాలేదు సార్. ప్రిలిమ్స్ ఒక్కసారన్నా దాటితే సాలు. నాకూ బుర్ర ఉండాదని నాకు తెలిస్తే సాలు."

అంత చిన్న కోరిక ఎవరూ నాతో చెప్పలేదు. పందొమ్మిదేళ్ళలో అందరూ కలెక్టరు కారు గురించే చెప్పారు.

జులై 10

మోకాలి నొప్పి. ఏమీ రాయబుద్ధి కావడం లేదు.

జులై 24, కుప్పం

ఆఖరి రివిజన్. మైసూరు యుద్ధాలు ఒక పూటలో ముగించాను. హైదర్ అలీ పన్నెండు గంటలకు పోయాడు, టిప్పు భోజనం తర్వాత. నదులు చూడలేదు, అవి వాళ్ళకు వచ్చు.

ఆగస్టు 3, ఆదివారం

ప్రిలిమ్స్ అయింది. నేను చర్చికి వెళ్ళి, ఇంటికొచ్చి, ఫోను ముందు కూర్చున్నాను. మూడు ఊళ్ళ వాట్సాప్ గుంపుల్లోనూ ప్రశ్నలు వచ్చి పడుతున్నాయి. నదుల వరస అడిగారు. ఉత్తరం నుంచి దక్షిణానికి సరైన క్రమం ఏది అని.

మదనపల్లె గుంపులో ఒకడు, "గోపి వచ్చేసినాడు సార్, తిరగేసి పెట్టినాము" అని రాశాడు. పుంగనూరు వాళ్ళు బొటనవేళ్ళు చూపించారు.

కుప్పం గుంపులో, "గోపి వచ్చేసినాడు సార్" అని మాత్రమే ఉంది.

ఆగస్టు 5

కమిషన్ వాళ్ళ కీ వచ్చింది. వంశధార, నాగావళి, గోదావరి, కృష్ణ, పెన్న. అంతే కదా మరి.

కుప్పం నుంచి పదకొండు మంది తప్పు పెట్టారు. పధ్నాలుగులో పదకొండు. "కీ తప్పు సార్, మనం అబ్జెక్షన్ పెడదామా, మూడు రోజులే టైం" అని అడుగుతున్నారు. చూద్దాం అని రాశాను.

ఆగస్టు 7, కుప్పం

అడిగారు. "కొన్ని పుస్తకాల్లో అలా కూడా ఉంటుంది, వాదించి లాభం లేదు" అన్నాను. ఏ పుస్తకంలోనూ అలా లేదు. నీరజ ఆ మాట కూడా నోట్సులో రాసుకుంది.

ఆగస్టు 8

నేను చెప్పాను. తిరగేసుకోమని ప్రతి బ్యాచ్‌కీ చెబుతాను. మదనపల్లెలో చెప్పింది గుర్తుంది, పుంగనూరులో చెప్పింది గుర్తుంది. కుప్పంలో మాత్రం ఎందుకు చెప్పను? ఈ పిల్లల చెవులు ఫోనుల్లో ఉంటే నేనేం చేసేది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు.

చెప్పాను.

ఆగస్టు 17, ఆదివారం

పాస్టరు ఈవేళ మౌనంగా పాపాలు ఒప్పుకొమ్మని రెండు నిముషాలు ఇచ్చాడు. నేను వచ్చే వారం టైంటేబుల్ ఆలోచించాను. పక్కన ఎలిజబెత్ కళ్ళు మూసుకునే ఉంది కానీ నన్ను చూస్తున్నట్టే అనిపించింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, నాకు అన్నీ అలాగే అనిపిస్తున్నాయి.

సెప్టెంబరు 22

ఫలితాలు. మదనపల్లెలో తొమ్మిది మంది, పుంగనూరులో నలుగురు, కుప్పంలో ఇద్దరు దాటారు.

నీరజ దాటలేదు. కటాఫ్‌కి ఒక్క మార్కు తక్కువ.

ప్రశ్నకు ఒక మార్కు, తప్పు పెడితే మూడో వంతు కోత. ఆ ఒక్క నదుల ప్రశ్న రైటు పెట్టి ఉంటే ఒకటీ ముప్ఫై మూడు ఎక్కువ వచ్చేది. అయిదో క్లాసు లెక్క. నేను దాన్ని నాలుగుసార్లు వేశాను, ప్రతిసారీ ఆమె దాటింది.

మిగతా పది మందికీ ఇంకా దూరమే ఉంది, వాళ్ళ సంగతి వేరు. ఆమె ఒక్కతే ఒక్క మార్కుతో.

సెప్టెంబరు 25, కుప్పం

నీరజ రాలేదు. రాదు కూడా, ఎందుకొస్తుంది. కొత్త బ్యాచ్ మొదలైంది, ఇరవై మంది. వచ్చే నోటిఫికేషన్‌కి తయారవుతున్నారు. ఈ వారం నదులు. గోపిని చెప్పాను.

ఫోన్ చేశాను. మాట్లాడింది. "పర్వాలేదు సార్. మీరు బాగానే చెప్పినారు. నా బుర్రే ఇంతే అని తెల్సిపాయ" అంది. వెనక ఆవు అరుస్తోంది. నేను ఆరోగ్యం జాగ్రత్త అని చెప్పి పెట్టేశాను. ఒక్క మార్కుతో పోయిన మనిషికి ఆరోగ్యం జాగ్రత్తట.

సెప్టెంబరు 29, మదనపల్లె

వెంకటేష్ కొత్త ఆలోచనతో వచ్చాడు. సెంటరు ఆయనదే. వ్యవసాయ కుటుంబం, టమేటా మండీలో తిరిగే మనిషి, చదువు కూడా లారీ ఎక్కించే సరుకే అనుకుంటాడు. నా కోడ్‌లన్నీ పుస్తకం వేద్దామంటాడు. నేను కుప్పం సంగతి కొంచెం కదిపాను. అక్కడ ఒక కోడ్ సరిగ్గా చెప్పలేదేమోనని అనుమానం అన్నాను.

"చెప్పలేదేమో అని మీరే అంటాండారు. అనుమానాన్ని యాల ఊరంతా చాటుతారు సార్" అన్నాడు. "కుప్పం బ్రాంచి ఇప్పుడే నిలదొక్కుకుంటా ఉండాది. సారు తప్పు చెప్పినాడంటే ఒక్కరు కూడా రారు."

తేలు కుట్టిన దొంగలా తలాడించి వచ్చేశాను.

అక్టోబరు 2, ఇంట్లో

సెలవు. ఎలిజబెత్ డ్యూటీకి పోయింది. ఊరికే ఈ డైరీ తిరగేశాను. జూన్ 12 పేజీ దగ్గర ఆగాను.

జూన్ 9న, తిరగేసుకోమన్నాను అని ఉంది. జూన్ 11న, రెండుసార్లు చెప్పాను అని ఉంది. జూన్ 12న పంచరైన టైరు ఉంది, డ్రైవరు హారన్ ఉంది, పది నిముషాలు ముందు వదిలేయడం ఉంది, సీటు దొరకడం ఉంది. ఆ మాట లేదు.

మరిచిపోయి రాయలేదేమో అనుకోబోయాను. కానీ ఆ మధ్యాహ్నం ఇప్పుడు కళ్ళ ముందే ఉంది. పధ్నాలుగు మంది కలిసి గోపి పాట అంటున్నారు, హారన్ మోగింది, నేను చాక్‌పీసు పారేసి సంచీ అందుకున్నాను. మెట్ల మీద గుర్తొచ్చింది కూడా. రివిజన్‌లో చెబుదాంలే అనుకున్నాను. రివిజన్‌లో నదులు ముట్టలేదు.

మెట్ల మీద గుర్తొచ్చింది. అది రాయడానికే నాకు నాలుగు నెలలు పట్టింది.

పైగా పోయిన గురువారం కొత్త బ్యాచ్‌కి కూడా గోపిని చెప్పానని ఉంది. తిరగేసుకోమన్న మాట అక్కడా లేదు. ఈసారి బస్సు తొందర కూడా లేదు. చెబితే తెలిసిపోతుందని చెప్పలేదు. పాత బ్యాచ్‌లో తప్పిన వాళ్ళు ఇద్దరు మళ్ళీ చేరారు, వాళ్ళ ముందు ఆ మాట నోటికి రాలేదు.

అక్టోబరు 3

ఎలిజబెత్‌కి చెప్పాను. అన్నం కలుపుతూ వింది. పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో నేను ఒక విషయం మొదటి నుంచి చివరి దాకా గొణక్కుండా చెప్పడం ఇదే అనుకుంటాను.

"మా వార్డులో తప్పు డోసు ఇస్తే ఏం చేస్తామో తెల్సునా నీకు" అంది. "ఇచ్చినోల్లే పోయి చెప్పాల. ఇంకెవురో కనిపెట్టేదాకా ఆగకూడదు."

"చెబితే ఆమెకు మార్కు వస్తుందా?"

"రాదు. మందు కూడా కడుపులోంచి బయటికి రాదు. అయినా చెప్తాము. పేషెంటు తన ఒళ్ళే మంచిది కాదు అనుకోకుండా ఉండేదానికి."

ఆ తర్వాత రసం పోసింది. తిన్నాను.

అక్టోబరు 9, కుప్పం

నిన్ననే పుంగనూరు నుంచి ఇటు వచ్చి లాడ్జిలో దిగాను, పొద్దున టైరు పంచరైందన్న సాకు దొరక్కుండా. ఎనిమిదింటికి ఆటోలో నీరజ వాళ్ళ పల్లెకు వెళ్ళాను.

వాకిట్లో ఒక పెద్దామె గడ్డి కట్టలు విప్పుతోంది. నీరజ అత్త అయ్యుంటుంది అనుకున్నాను, ఆమే. పేరు గౌరమ్మ.

"ఎవురు కావాలప్పా?"

"నీరజకు పాఠం చెప్పే సారునమ్మా. బర్నబాస్."

"ఓ, గోపి సారా" అంది ఆమె. "నువ్వేనా. పాలు పిండేటప్పుడు దినామూ అదే పాట. నాగవంశపు గోపి కృష్ణకు పెన్నిచ్చాడు. నాకే వచ్చేసింది సూడు. కూచో, బిడ్డ ఆవులకాడ ఉండాది."

నా కోడ్ ఆమె నోట అక్షరం పొల్లుపోకుండా వచ్చింది. మంచం మీద కూర్చున్నాను.

నీరజ చేతులు కడుక్కుని వచ్చింది. మజ్జిగ ఇచ్చింది, ఈసారి కూడా చేతికి ఇవ్వకుండా స్టూలు మీద పెట్టింది. నేను నోరు తెరవకముందే లోపలికి పోయి నోట్సు కట్ట పట్టుకొచ్చింది. "మంచిపనే అయింది సార్ మీరు వచ్చింది. ఇవి కొత్తోల్లకు ఇయ్యండి. నాకింక యాల."

పైన ఉన్నది భూగోళం. నాకు కావలసిన పేజీ దానంతట అదే తెరుచుకుంది, అంతగా చదివింది. నీలం ఇంకుతో గోపి. దాని కింద పెన్సిలుతో చిన్న పటం. కోస్తా గీత, సముద్రం, నదులు. పైన వంశధార, దాని కింద నాగావళి. సరిగ్గా ఎక్కడ ఉండాలో అక్కడ. ఆ పటం మీద అడ్డంగా రెండు గీతలు కొట్టేసి, పక్కన రాసింది: సారు చెప్పిందే రైటు.

"ఇదేమిటమ్మా" అన్నాను.

"మా పాప అట్లాస్ సార్. పరీచ్చకు ముందర సూసినా. దాంట్లో వంశధార పైన ఉండాది. పాతదేమో, తప్పు అచ్చేసినారేమో అనుకుంటి. పరీచ్చలో కూడా ముందు వంశధారే పెడదామనుకుంటి సార్. పెన్ను ఆడ పెట్టి కూడా తీసేస్తి. మీరు చెప్పింది తప్పుంటాదా అని."

మజ్జిగ పక్కన పెట్టి చెప్పాను. మొత్తం చెప్పాను. కోడ్ కోసం తారుమారు చేసింది, తిరగేసుకోమని చెప్పాల్సింది, బస్సు, మెట్లు. కొన్ని పుస్తకాల్లో అలా ఉంటుంది అన్నది అబద్ధమని కూడా చెప్పాను. నన్ను క్షమించు అన్నాను. ఆ మాట తేలిగ్గా వచ్చింది, దాని ముందు మాటలే బరువుగా ఉన్నాయి.

గౌరమ్మ గడ్డి విప్పడం ఆపేసింది.

"ఒక్క మాట చెప్పుంటే అయిపోవును కదా సార్" అంది నీరజ. "ఒక్క నిముషం."

"అవునమ్మా."

"నేను పదైదు దినాలు అన్నం తిన్లేదు సార్. ఇంత సదివినా ఒక్క మార్కు తెచ్చుకోలేకపోతినే అని." కళ్ళు తుడుచుకోలేదు, నన్నే చూస్తోంది. "నేను అట్లాస్‌లో సూసిందే రైటు. అంటే నాకు తెల్సు. నాకు తెల్సినదాన్ని మీ మాట కోసరం కొట్టేసినా."

అప్పుడు ఆమె అడిగింది.

"ఇప్పుడుండే బ్యాచ్‌కి చెప్పినారా సార్? తిరగేసుకొమ్మని?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. "లేదమ్మా" అన్నాను.

"మరి ఈడ కూచోని ఏం చేస్తాండారు? పోండి సార్."

నోట్సు కట్ట అందుకోబోయాను. ఆమె దాన్ని నా చేతికి ఇవ్వలేదు. గుండెకు ఆనించుకుని లోపలికి తీసుకుపోయింది. వాకిలి దాటుతుంటే వెనక గౌరమ్మ గొంతు వినిపించింది. "అంటే నువ్వు రాసిందాన్నే ఆయప్ప చెరిపించినాడా?" నీరజ ఏమందో వినపడలేదు.

పదకొండుకి క్లాసు. ఇరవై మంది, పాత వాళ్ళు ఇద్దరు వాళ్ళలోనే. బోర్డు మీద కోస్తా గీసి, నదులు ఒక్కొక్కటీ పెట్టి, నేను చేసిన తప్పు చెప్పాను. పదకొండు మంది అని చెప్పాను. ఆమె పేరు చెప్పలేదు, ఒక్క మార్కు అని మాత్రం చెప్పాను. పాత వాళ్ళలో ఒకడు లేచి బయటికి పోయాడు. మళ్ళీ రాలేదు. పోయేదానికి అతనికి హక్కుంది.

ఒకమ్మాయి అడిగింది, "అయితే దీనికి వేరే కోడ్ ఏముంది సార్?"

"లేదమ్మా. పటం గీయండి" అన్నాను. "అట్లాస్‌కీ నాకూ తేడా వస్తే అట్లాస్‌నే నమ్మండి. నన్ను నిలదీసి అడగండి."

ఒక్కొక్కరి చేతా గీయించాను. కొందరు గోదావరిని కర్ణాటకలోకి పంపారు. చెరిపి మళ్ళీ గీయించాను. ఇరవై మందివీ చూసేదాకా ఎవర్నీ వదల్లేదు. మధ్యలో వెంకటేష్ మూడుసార్లు ఫోన్ చేశాడు, అంటే బయటికి పోయినవాడు అప్పుడే మదనపల్లెకు మోసేశాడు. ఎత్తలేదు. రేపు ఎత్తాలి.

నాలుగున్నరకి హారన్ మొదలైంది. ఇంకా ఏడుగురి పటాలు ఉన్నాయి.

ఇప్పుడు అయిదున్నర. బస్టాండు బెంచీ మీద రాస్తున్నాను. నాలుగూ నలభై బస్సు పోయింది.